మూతపడ్డ మిల్లులో కాపురం

ఫ్యాక్టరీ మూతపడ్డాక మన ఊళ్లలో మొదట పోయేది పైకప్పు. రేకులు దిగుతాయి. ఇనుప దూలాలు తూకానికి పోతాయి. కిటికీ చట్రాలూ తలుపులూ పాత సామాన్ల దుకాణాలకు చేరతాయి. గోడలు ఇంకొంతకాలం నిలబడతాయి గానీ వాటి మీద సినిమా పోస్టర్లు, ఎన్నికల రాతలు, లోపల తుమ్మచెట్లు. ఎప్పుడో ఒకనాడు జేసీబీ వచ్చి ఆ గోడల పని కూడా పట్టేస్తుంది. మిగిలిన నేలకు గజాల్లో ధర పలుకుతుంది. కట్టడానికి ధర పలకదు సరికదా, దాన్ని పడగొట్టే ఖర్చును కొనేవాడు బేరంలో కోసుకుంటాడు.

ఓరుగల్లులో ఆజంజాహి మిల్లుకు జరిగింది అదే. 1934లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, ఆయన పెద్దకొడుకు పేరిట వెలసిన మిల్లు అది. తరాల తరబడి ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించింది. నష్టాలొచ్చి మూతపడ్డాక యంత్రాలు పోయాయి, భవనాలు నేలమట్టమయ్యాయి, స్థలం ప్లాట్లయింది. లేబర్ కాలనీ అన్న పేరు మాత్రం ఆటోవాళ్ల నోట్లో ఇంకా బతికుంది. మిల్లు చూడని పిల్లలు కూడా ఆ పేరే చెప్పి ఆటో ఎక్కుతారు.

2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్ పారిశ్రామిక భూముల బదలాయింపు విధానాన్ని ప్రకటించాక ఈ సంగతులు మళ్లీ ఆలోచించాల్సి వస్తోంది. ఔటర్ రింగ్ రోడ్డు లోపలా దాని అంచునా ఉన్న పాత పారిశ్రామిక వాడల్లో 9 వేల ఎకరాలకు పైగా భూమిని, రుసుము కట్టించుకొని, ఇళ్లకూ ఆఫీసులకూ దుకాణాలకూ వాడుకోనిచ్చే విధానమది. రుసుము ఎంత ఉండాలి, ఒకప్పుడు చవగ్గా ఇచ్చిన భూమి మీద ఇప్పటి లాభం ఎవరిది అన్న రగడ గట్టిగానే జరిగింది. జరగాల్సిందే. అది ఈ పక్కనున్న పెద్ద సంపాదకీయం చూసుకోవాల్సిన పని. ఈ చిన్న జాగాలో చెప్పుకోదల్చింది ఆ వాదోపవాదాల్లో అంతగా వినపడని వస్తువు గురించి. ఆ భూముల మీద నిలబడి ఉన్న షెడ్డు గురించి.

బట్టల మిల్లు షెడ్డును దూరం నుంచి చూస్తే పైకప్పు రంపపు పళ్ల వరసలా కనిపిస్తుంది. ఒక్కో పన్నుకు వాలుగా ఉన్న వైపు రేకు, నిలువుగా ఉన్న వైపు అద్దం. ఆ అద్దాన్ని సాధారణంగా ఉత్తరం వైపు తిప్పి పెడతారు. భూమధ్యరేఖకు ఇవతల ఎండ ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణపు వాలు నుంచే పడుతుంది కాబట్టి, ఉత్తరపు అద్దంలోంచి వెలుతురు వస్తుంది గానీ ఎండ పొడ రాదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దాదాపు ఒకే తీరు వెలుగు, గట్టి నీడలు లేకుండా. తెగిన పోగు కంటికి ఆనాలంటే మగ్గం ముందున్న మనిషికి కావలసింది అదే. బొమ్మ వేసేవాడికి కావలసిందీ అదే. రాట్నాలూ మగ్గాలూ తీసేశాక మిగిలిన జాగా చూడండి: దూరదూరంగా స్తంభాలు, రెండు నిలువుల ఎత్తు, టన్నుల బరువు మోసిన నేల, లారీ వెనక్కి వచ్చి ఆగేంత వెడల్పు తలుపు. వడ్రంగికి, అచ్చుయంత్రం పెట్టుకున్నవాడికి, శిల్పికి, నాటకాల సెట్లు కట్టేవాడికి ఇంతకన్నా మంచి జాగా కొత్తగా కట్టి ఇవ్వాలంటే ఎవరి తరమూ కాదు. అన్నిటికన్నా పెద్ద గుణం, ఎవరికీ అక్కర్లేదు కాబట్టి అది చవక.

ఆ చవకే ఒక నగరపు పేటను ఎలా నిలబెట్టిందో, మళ్లీ ఎలా చేజార్చిందో చూడాలంటే న్యూయార్క్ దాకా వెళ్లాలి. షెడ్డులోనే పని, షెడ్డులోనే కాపురం అన్న పద్ధతికి చట్టం చోటిచ్చిన తొలి చోట్లలో అదొకటి.

మన్‌హాటన్ దక్షిణాన ఇప్పుడు సోహో అని పిలిచే పేటలో 19వ శతాబ్దపు రెండో సగంలో వరసగా పోత ఇనుము ముఖభాగాల భవనాలు లేచాయి. కింద దుకాణం, పైన గోదాము, ఇంకా పైన కుట్టుపని. 1857లో బ్రాడ్వే మీద కట్టిన హావౌట్ భవనంలో ఓటిస్ కంపెనీ మనుషులెక్కే లిఫ్టు పెట్టింది. దుకాణాల భవనంలో అలాంటిది అదే మొదటిది అంటారు. ఆ వీధుల్లో నడిచేటప్పుడు కాలికింద చూస్తే ఇంకో తమాషా కనిపిస్తుంది. కాలిబాటలో ఇనుప పలకలు, వాటిలో గుండ్రటి గాజు బిళ్లలు పొదిగి ఉంటాయి. పైన జనం నడుస్తుంటే, కింద నేలమాళిగలో పనిచేసేవాళ్లకు ఆ బిళ్లల గుండా పగటి వెలుగు దిగేది. కరెంటు రాకముందు వెలుతురును అంత జాగ్రత్తగా వాడుకున్నారు.

1950ల నాటికి పెద్ద కంపెనీలు వెళ్లిపోయాయి. తరచూ మంటలు లేస్తుండడంతో అగ్నిమాపక సిబ్బంది ఆ పేటకు నరకపు వంద ఎకరాలని పేరు పెట్టుకున్నారు. నగర నిర్మాణంలో తిరుగులేని పెత్తనం చేసిన రాబర్ట్ మోజెస్ ఆ పేట మీదుగా పెద్ద ఎక్స్‌ప్రెస్ రహదారి వేయాలని పట్టుబట్టాడు. పాడుబడ్డ గోదాములే గదా, పోతే పోనీ అన్నది వాదన. ఆ దశలో చెస్టర్ రాప్కిన్ అనే ప్రణాళికా నిపుణుడు నగరం కోరిక మీద ఆ భవనాలను సర్వే చేసి 1963లో నివేదిక ఇచ్చాడు. అందులో తేలింది వేరు. ఖాళీ అనుకున్న భవనాల్లో వందల చిన్న పరిశ్రమలున్నాయి, వేల మంది పనిచేస్తున్నారు, వాళ్లలో ఎక్కువమంది నల్లజాతివారూ ప్యూర్టోరికోవారూ. ఆ పని పోతే ఇంకోచోట దొరకడం కష్టమైన వాళ్లు. పడగొట్టవద్దని ఆ నివేదిక సారాంశం. రహదారికి అడ్డం నిలిచిన వాళ్లలో జేన్ జేకబ్స్ ముఖ్యురాలు. 1961లో వచ్చిన ఆమె పుస్తకంలోని ఒక వాదన ఈ సందర్భానికి సరిగ్గా అతుకుతుంది: అద్దె తక్కువున్న పాత భవనాలు లేని ఊళ్లో కొత్త పని మొలకెత్తదని. 1969లో రహదారి ఆలోచన పూర్తిగా అటకెక్కింది.

ఈలోగా ఖాళీ అంతస్తుల్లోకి చిత్రకారులు, శిల్పులు చేరారు. చట్టం ప్రకారం అక్కడ పని చేసుకోవచ్చు, పడుకోకూడదు. కాబట్టి పడుకోవడం దొంగచాటుగా సాగింది. కిటికీలకు నల్ల తెరలు కట్టేవారు, వెలుగు వీధిలోకి పడకుండా. తనిఖీవాళ్లు వస్తే పరుపు కనబడకూడదు, పొయ్యి కనబడకూడదు. సాయంత్రం ఫ్యాక్టరీల వేళ అయిపోగానే భవనానికి వెచ్చదనం ఆపేసేవారు. న్యూయార్క్ చలికాలంలో శని ఆదివారాలు ఎలా గడిచేవో ఊహించుకోవచ్చు. 1961లో చిత్రకారులంతా సంఘం కట్టి, బొమ్మల ప్రదర్శనలు బహిష్కరిస్తామని బెదిరించారు. ప్రపంచంలో అలాంటి సమ్మెకు ఏ ప్రభుత్వమైనా భయపడుతుందా అనిపిస్తుంది. న్యూయార్క్ మేయరు భయపడ్డాడో, మొహమాటపడ్డాడో గానీ ఒప్పందానికొచ్చాడు. దాని ప్రకారం భవనం బయట, తలుపు దగ్గర, ఒక చిన్న పలక తగిలించాలి. దాని మీద ఎ.ఐ.ఆర్. అన్న మూడక్షరాలు, పక్కన అంతస్తు సంఖ్య. లోపల నివాసముంటున్న కళాకారుడు ఉన్నాడని దాని అర్థం.

ఆ పలక ఎవరి కోసమన్నది ముఖ్యం. ఇంటి యజమాని కోసం కాదు, పన్నుల వాళ్ల కోసం కాదు. రాత్రిపూట మంటలు లేస్తే ఈ గోదాములో, ఫలానా అంతస్తులో, మనుషులు నిద్రపోతున్నారని ఫైరింజన్ వాళ్లకు తెలియడం కోసం.

ఇక్కడొకసారి న్యూయార్క్ నుంచి సికింద్రాబాద్ రావాలి. 2022 మార్చి 23 తెల్లవారుజామున భోయిగూడలో ఒక తుక్కు గోదాములో మంటలు లేచాయి. పై అంతస్తులో నిద్రపోతున్న 11 మంది చనిపోయారు. అందరూ బిహార్ నుంచి వచ్చిన కూలీలు. పగలు ఆ గోదాములోనే సీసాలూ కాగితాలూ వేరు చేసేవారు, రాత్రి దానిమీదే పడుకునేవారు. కిందికి దిగడానికి ఒక్కటే మెట్ల దారి, ఆ దారి మంటల్లోనే ఉంది. పనిచోటే ఇల్లు అన్న ఆలోచన మనకు కొత్తగా పత్రికల మెరుపు కాగితాల మీద వచ్చిందనుకుంటే పొరపాటు. మన నగరాల్లో వేలమంది అలాగే బతుకుతున్నారు. కాకపోతే వాళ్ల తలుపు పక్కన పలక లేదు.

భివండి మరమగ్గాల షెడ్లలో ఇదే సంగతి. ఒక షిఫ్టు వాళ్లు లేచి మగ్గం దగ్గరికి పోతే ఇంకో షిఫ్టు వాళ్లు వాళ్ల చాప మీద వాలతారు. సిరిసిల్ల, నల్లగొండ వైపు నుంచి వెళ్లినవాళ్లు ఎందరో ఆ చాపల మీద యౌవనం గడిపారు. హోటల్ కుర్రాళ్లు హోటల్లోనే, బేకరీవాళ్లు బట్టీ పక్కనే, అపార్ట్‌మెంటు కాపలాదారు సెల్లార్లోనే. ఏ నగరపాలక సంస్థ లెక్కలోనూ వాళ్లు ఆ భవనంలో నివాసమున్నట్టు ఉండదు. కళాకారులకు న్యూయార్క్ ఇచ్చిన మూడక్షరాల మర్యాద మన దగ్గర ముందు దక్కాల్సింది వీళ్లకు. అది దక్కాక, డిజైనర్ల లాఫ్టుల గురించి, అంటే గోదాము అంతస్తుల్లోని కాపురాల గురించి, ఎంతసేపైనా ముచ్చటించుకోవచ్చు.

కళాకారులైనా కూలీలైనా నిప్పుకు తేడా లేదు. 2016 డిసెంబరు 2న అమెరికాలోనే ఓక్లండ్‌లో, ఘోస్ట్ షిప్ అని పిలుచుకునే ఒక గోదాములో 36 మంది చనిపోయారు. అనుమతి లేకుండా కళాకారులు కాపురముంటున్న జాగా అది. ఆ రాత్రి పాటకచ్చేరి ఉంది. చేతికందిన చెక్కలతో కట్టిన మెట్లే దారి. అద్దెలు భరించలేనివాళ్లు గోదాముల్లో దూరతారు. తనిఖీవాళ్లు వస్తే వెళ్లగొడతారన్న భయంతో ప్రమాదాన్ని ఎవరికీ చెప్పరు. కఠినంగా ఉండడం ఒకటే మందు అనుకునే అధికారులు ఈ సంగతి ఆలోచించాలి. నిషేధం ఉన్నంతకాలం పరుపులు దాస్తారే గానీ మానరు.

సోహోకు తిరిగి వెళ్తే, 1964లో రాష్ట్ర చట్టం కొంత సడలింది. 1967లో జార్జ్ మచ్యూనస్ అనే లిథువేనియా మనిషి, ఫ్లక్సస్ కళా ఉద్యమానికి మూలపురుషుడు, 80 వూస్టర్ వీధిలోని భవనాన్ని కళాకారుల సహకార సంఘంగా మార్చాడు. తలా కొంత వేసుకొని భవనం కొనడం, తలా ఒక అంతస్తు పంచుకోవడం. కాగితాలు సరిగ్గా పెట్టకుండా వాటాలు అమ్మాడని రాష్ట్ర అటార్నీ జనరల్ వెంటపడితే, దేశదేశాల్లో ఉన్న మిత్రుల చేత ఆ కార్యాలయానికి పోస్టుకార్డులు వేయించాడు, తాను ఇవాళ ఈ దేశంలో, రేపు ఆ దేశంలో ఉన్నట్టు. మనిషి అక్కడే, అదే పేటలో. సహకార సంఘాల చరిత్రలో ఇంత సరదా కార్యదర్శి ఇంకొకరు లేరేమో.

1968లో శిల్పి డొనాల్డ్ జడ్ 101 స్ప్రింగ్ వీధిలో 1870 నాటి అయిదంతస్తుల భవనం కొన్నాడు. ఒక అంతస్తులో వంట, భోజనం. ఒక అంతస్తు పూర్తిగా పనికి. పై అంతస్తు నిద్రకు. గోడలు కట్టి గదులు చేయకుండా అంతస్తుకో పని పెట్టాడు. ఇప్పుడది ప్రదర్శనశాల.

1971లో నగరం నిబంధన మార్చి, కళాకారుడని నగర సాంస్కృతిక శాఖ ధ్రువపత్రం ఇచ్చినవాళ్లు ఆ భవనాల్లో చట్టబద్ధంగా నివసించవచ్చంది. ధ్రువపత్రం కోసం కమిటీ ముందు తన బొమ్మలు పెట్టుకొని నేను కళాకారుణ్నే మహాప్రభో అని నిరూపించుకోవాలి. ఆ తతంగం గురించి మన అవార్డుల కమిటీలు తెలిసిన పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. 1973లో పేటంతా చారిత్రక మండలమైంది. 1982లో మరో చట్టం వచ్చి ఇంకొందరు లాఫ్టు కాపురస్తులకు రక్షణ ఇచ్చింది. అదే ఏడాది షారన్ జూకిన్ అనే సామాజిక శాస్త్రవేత్త లాఫ్టు జీవితం గురించి రాసిన పుస్తకంలో, కళాకారులు తెలిసో తెలియకో ఆ పేటను డబ్బున్నవాళ్ల కోసం చదును చేశారని వివరించింది. అప్పటికే అది జరిగిపోతోంది. కళాకారులుండే పేట గనక గ్యాలరీలొచ్చాయి, గ్యాలరీలొచ్చాయి గనక డబ్బున్నవాళ్లొచ్చారు, వాళ్ల వెనక ఖరీదైన చెప్పుల దుకాణాలూ గాజు అలమరాలూ వచ్చాయి. ధ్రువపత్రం నిబంధన కాగితం మీదుంటే, అది లేనివాళ్లు కూడా కొనుక్కుంటూ పోయారు. 2021 డిసెంబరులో నగరం మళ్లీ నిబంధన మార్చింది: చదరపు అడుగుకు 100 డాలర్ల చొప్పున కళల నిధికి కడితే కళాకారుల లాఫ్టును మామూలు ఇల్లుగా మార్చుకోవచ్చని. ఆ రుసుము మీద వ్యాజ్యాలు నడిచాయి. రుసుము కట్టించుకొని భూమి వాడకం మార్చడం మనం కనిపెట్టిన ఉపాయమేమీ కాదన్నమాట.

రాప్కిన్ నివేదికలోని వేలమంది కార్మికుల సంగతి ఈ కథలో ఎప్పుడు తప్పిపోయిందో గమనించారా? భవనాలు నిలిచాయి. చారిత్రక మండలం బోర్డు పెట్టారు. కుట్టుపనివాళ్లూ అట్టపెట్టెలవాళ్లూ మెల్లిగా జారుకున్నారు. వాళ్ల కోసం వాదించిన నివేదిక మీదుగానే వాళ్ల తర్వాతివాళ్లు లోపలికొచ్చారు. సోహోను మెచ్చుకునేవాళ్లు ఈ పుట తిప్పేస్తుంటారు.

మన దేశంలో ఆ పుట చదవాలంటే ముంబయి వెళ్లాలి, అక్కడ మనవాళ్లే కనబడతారు. గిరణగావ్ అనే మిల్లుల పేటలో దాదాపు 600 ఎకరాల్లో 58 మిల్లులు. పాలమూరు, కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుంచి పద్మశాలీలు తరాల కిందటే వెళ్లి వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ చాల్‌లలో స్థిరపడ్డారు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో రెండున్నర లక్షల మంది చేసిన సమ్మెకు అధికారికంగా ముగింపే లేదు. మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మనవాళ్లు కొందరు భివండికి మళ్లారు, కొందరు సిరిసిల్లకు తిరిగొచ్చి మరమగ్గాలు పెట్టుకున్నారు, కొందరు అక్కడే చిన్నాచితకా పనుల్లో కుదిరారు.

మిల్లు భూములకు 1991లో ఒక మంచి నిబంధన పెట్టారు. మిల్లు స్థలాన్ని మార్చుకోవాలంటే మూడో వంతు నగరానికి ఉద్యానాలకు, మూడో వంతు ప్రభుత్వ గృహనిర్మాణానికి, మిగిలిన మూడో వంతే యజమానికి. 2001లో దాన్ని సవరించారు. పంపకం మొత్తం స్థలంలో కాదు, కట్టడాలు లేని ఖాళీ నేలలో మాత్రమే అన్నారు. షెడ్డు ఉన్న నేల పంపకంలోకి రాదు; ఆ షెడ్డును కూల్చినా ఆ నేల యజమానిదే. మిల్లు అంటేనే షెడ్లు. ఖాళీ నేల ఎంతుంటుంది? 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. షెడ్డును కాపాడేలా కనబడిన మాట చివరికి షెడ్డుకు గానీ కార్మికుడికి గానీ అక్కరకు రాలేదు. ఫీనిక్స్ మిల్స్ మాల్ అయింది. కమలా మిల్స్ ప్రాంగణం ఆఫీసులూ పబ్బులూ అయింది. 2017 డిసెంబరు 29న అర్ధరాత్రి దాటాక అక్కడి మేడమీది పబ్బు తగలబడి 14 మంది చనిపోయారు. మిల్లు మారినా మంట నియమాలు మారలేదు. కట్టడం నిలుపుకోవడం ఒక్కటే సాధించడం కాదని చెప్పడానికి ఈ ఒక్క పేట చాలు.

మరి ఇంకో దారి లేదా? ఉంది, సోహోకు రెండు మైళ్ల లోపే ఉంది. హడ్సన్ నది పక్కన బెల్ టెలిఫోన్ ప్రయోగశాలల భవనాలుండేవి. శాస్త్ర విజ్ఞానంలో పెద్దపెద్ద పనులు జరిగిన చోటు. ఎలక్ట్రాన్లు అలల్లా ప్రవర్తిస్తాయని 1927లో డేవిసన్ నిరూపించింది అక్కడే. 1966లో ఆ సంస్థ ఖాళీ చేసి వెళ్లిపోయింది. కప్లాన్ ఫండ్ అనే దాతృత్వ సంస్థ, కేంద్ర కళా మండలి చేతులు కలిపి ఆ భవనాలను తీసుకున్నాయి. రిచర్డ్ మయర్ అనే యువ వాస్తుశిల్పి వాటిని 384 పని-నివాసాలుగా మార్చాడు. ప్రాంగణం వైపు గోడలకు అర్ధచంద్రాకారపు బాల్కనీలు తగిలించాడు. చూడ్డానికి అలంకారం, పని మాత్రం నిప్పు రేగితే పక్కింటి గుండా బయటపడే రెండో దారి. 1970లో వెస్ట్‌బెత్ పేరుతో అది తెరుచుకుంది. లాభాపేక్ష లేని సంస్థ చేతిలో ఉంది కాబట్టి చుట్టూ పేట ధరలు ఆకాశాన్నంటినా అక్కడ అద్దెలు కళాకారులు కట్టగలిగేంతే ఉన్నాయి.

సోహోలో చట్టం అనుమతి ఇచ్చింది, ఆస్తి మాత్రం బజారులోనే వదిలేసింది. వెస్ట్‌బెత్‌లో ఆస్తే బజారు నుంచి బయటికొచ్చింది. అదే నగరం, అవే ఏళ్లు. ఫలితంలో ఇంత తేడా.

వెస్ట్‌బెత్ స్వర్గమని కాదు. ఒకసారి చేరినవాళ్లు కదలరు, కదలాల్సిన అవసరం లేదు. యాభై ఏళ్లలో ఆ భవనం మెల్లిగా వృద్ధ కళాకారుల నివాసంగా మారింది. దరఖాస్తుల వరస ఎంత పెరిగిందంటే ఏళ్ల తరబడి కొత్త పేర్లు తీసుకోవడమే ఆపేశారు. పాతికేళ్ల కుర్రవాడు న్యూయార్క్‌లో అడుగుపెడితే వెస్ట్‌బెత్ అతనికి కనిపించే భవనమే గానీ చేరగలిగే ఇల్లు కాదు. చవక జాగాను ఒకసారి కాపాడితే సరిపోదు, అది చేతులు మారుతూ ఉండేలా చూడాలి. ఆ చిక్కుముడి వాళ్లింకా విప్పుకోలేదు. అయినా చెప్పుల దుకాణంతో పోలిస్తే ఈ చిక్కే మేలు.

మన వైపు చూసుకుంటే, పనిచోటే ఇల్లన్నది మనకు సంప్రదాయం. పోచంపల్లిలో, చీరాలలో నేతగాడి ఇంట్లో ముందు గదిలోనే గుంట మగ్గం. పిల్లలు నిద్రలేచేది మగ్గం చప్పుడుకే. ఆసు పోసే ఆడవాళ్లు మధ్యలో లేచి పొయ్యి మీది ఎసరు చూసి వస్తారు. కరెంటు టారిఫ్ రాసినవాళ్లకు ఈ సంగతి తెలుసు, కుటీర పరిశ్రమలకు వేరే కేటగిరీ పెట్టారు. పట్టణ ప్రణాళిక మ్యాపు గీసినవాళ్లకే తెలియదు. పసుపు రంగు వేస్తే ఇల్లు, వంకాయ రంగు వేస్తే పరిశ్రమ, రెంటికీ మధ్య గీత. ఆ గీత రసాయనాల ఫ్యాక్టరీల విషయంలో అవసరమే. జీడిమెట్ల గాలి పీల్చినవాళ్లెవరూ కాదనరు. కాలుష్యం ఊళ్లోంచి పోవాలి, ఆ మేరకు కొత్త విధానం వెనకున్న కారణం సబబే. రసాయనాలు నానిన నేల మీద కాపురం పెట్టించే ముందు ఆ నేలనూ భూగర్భ జలాన్నీ పరీక్షించాలన్నది మాత్రం నియమాల్లో అన్నిటికన్నా పైన ఉండాల్సిన మాట. కానీ చెక్క చెక్కేవాడికీ చీర నేసేవాడికీ పుస్తకం కుట్టేవాడికీ ఆ గీతతో ఏం పని?

రేపు బాలానగర్లోనో ఆజామాబాద్‌లోనో షెడ్లు కూలి టవర్లు లేస్తాయి. లేవనీయండి, నగరానికి ఇళ్లూ కావాలి. ప్రతి వాడలోనూ గట్టిగా ఉన్న ఒకటి రెండు షెడ్లను, వాటి కింది నేలతో సహా, రుసుముకు బదులుగా తీసుకొని అట్టే పెట్టడం అసాధ్యమేమీ కాదు. రుసుము డబ్బు ఖజానాలో కలిసిపోతుంది, షెడ్డు కలవదు. ఇప్పటికే అక్కడ పనిచేస్తున్న లేత్ మెషీన్ల మేస్త్రీలకు, వెల్డర్లకు, చుట్టుపక్కల తుక్కు గోదాముల్లో పడుకుంటున్న కూలీలకు మొదటి వాటా. ఇంకా మిగిలితే బొమ్మలు వేసేవాళ్లు, నాటకాలాడేవాళ్లు, కొత్తగా ఏదో చేయాలని తిరిగే కుర్రకారు. రెండో మెట్ల దారి, తలుపు పక్కన పలక, మంచినీళ్లు, మరుగుదొడ్డి. అంతకుమించి హంగులు వద్దు. హంగులు పెరిగితే అద్దె పెరుగుతుంది, అద్దె పెరిగితే ఎవరికోసం అట్టే పెట్టామో వాళ్లే ముందు పోతారు.

ఆ షెడ్లు ఎవరి చేతిలో పెట్టాలన్నదానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. ప్రభుత్వం వాటాధనం పెట్టకుండా, పెత్తనం చేయకుండా, సభ్యులే నడుపుకునే సంఘాల కోసం దేశంలో అందరికన్నా ముందు మనం చేసుకున్న చట్టమది. పొదుపు సంఘాలకూ పాల సంఘాలకూ పనికొచ్చింది. షెడ్డు నేలను ప్రభుత్వం పేరనే ఉంచి, వాడకాన్ని అలాంటి సంఘానికి దీర్ఘకాలపు లీజుకిచ్చి, లీజును ఇంకొకరికి అమ్ముకునే వీలు లేదని ఒక్క షరతు రాస్తే సోహో దారి మూసుకుంటుంది. సభ్యత్వానికి గడువు పెడితే వెస్ట్‌బెత్ చిక్కు కొంత సడలుతుంది. వాడకం మార్పు కోసం యజమానులు పెట్టుకునే దరఖాస్తుల ఫారంలో ప్లాటు విస్తీర్ణం, రోడ్డు వెడల్పు, విలువ అడగడం ఎలాగూ ఉంటుంది. దాంతోపాటు, షెడ్డు ఏ ఏడాదిది, గట్టిగా ఉందా, ఇప్పుడందులో ఎందరు పనిచేస్తున్నారు, రాత్రి ఎందరు పడుకుంటున్నారు అని ఇంకో నాలుగు గళ్లు కలిపితే, రాప్కిన్ లాంటివాణ్ని పిలవకుండానే సర్వేలో సగం పూర్తవుతుంది.